పుట్టుమచ్చ లేని వీపు

తుడుపు మాస్టారు పోయాక స్టూడియోకి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "ఎంత నిజాయితీ గల మనిషండీ!" కౌంటరు వెనక కూర్చున్న ఆయన భార్య ఆ మాట విన్నప్పుడల్లా సొరుగు లాగి, అందులో దేనికోసమో వెతికినట్టు నటించి, మళ్లీ మూసేది. నవ్వు దాచుకోవడానికి ఆవిడకి దొరికిన చోటు ఆ సొరుగొక్కటే. నిజాయితీట! ఊళ్లో సగం మందికి వాళ్ల సొంత ముఖాలు మరిచిపోయేలా చేసిన మనిషికి నిజాయితీ ఎక్కణ్నుంచి వచ్చింది? ఆఖరికి సొంత వీపు మీద కూడా అబద్ధమాడి, దాంతో చావు గుమ్మం దాకా వెళ్లొచ్చినవాడికి?

ఆవిడని వీధిలో అందరూ కౌంటరమ్మ అనేవారు. స్టూడియోలో ముందు గది ఆవిడది, వెనక గది ఆయనది. ముందు గదిలో అద్దాల అలమర, అందులో ఎండకి వెలిసిపోయిన పెళ్లి జంటలు. వెనక గదిలో ఒక స్టూలు, రెండు గొడుగు లైట్లు, మేఘాలు వేసిన తెర. ఆ మేఘాలు ఎంత పాతవంటే, వాటి ముందు పసిపిల్లలుగా కూర్చున్నవాళ్లు తమ పిల్లల్ని ఎత్తుకొచ్చి మళ్లీ అక్కడే కూర్చోబెట్టారు.

మాస్టారు ఎవరికీ పాఠాలు చెప్పింది లేదు. మెడలో కెమెరా, ముక్కు మీద కళ్లజోడు, ఎదుటివాడి ముఖంలో తప్పులు పట్టే చూపు. అది చూసి ఎవరో మాస్టారన్నారు. తుడుపు అన్నది కౌంటరమ్మ పెట్టిందే. మచ్చ, మొటిమ, గాటు, కంటికింద నలుపు, ఏదీ ఆయన చేతిలో బతికి బట్టకట్టేది కాదు. పాతరోజుల్లో నెగటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో, పెదాల మధ్య సిగరెట్టుతో, దీపం ముందు వంగి కూర్చుని ముఖాలు నున్నగా చేసేవాడు. కంప్యూటరు వచ్చాక పెన్సిలు పోయి మౌసు వచ్చింది, సిగరెట్టు పోయి దగ్గు మిగిలింది. చెయ్యి మాత్రం అదే చెయ్యి.

వచ్చిన ప్రతి మనిషినీ, మెకానిక్ పాత బండిని చూసినట్టు చూసేవాడు.

"గడ్డం కిందికి. ఇంకొంచెం. చాలు. ఆ రెండో గడ్డం సంగతి మీరు పట్టించుకోకండి, దాన్ని నేను చూసుకుంటాను."

"నా ముక్కు కొంచెం వంకరండీ మాస్టారూ."

"ముక్కొక్కటే అనుకుంటున్నారా?"

ఒకసారి ఒక పెద్దమనిషి ఫోటోని ఏదో ఆఫీసులో తిప్పికొట్టారు. "మీది తెమ్మంటే మీ తమ్ముడిది తెచ్చారేంటి" అన్నారట. ఆయన చిందులు తొక్కుతూ స్టూడియోకి వచ్చాడు. మాస్టారు మాత్రం ఆ మాటని సన్మానంగా తీసుకుని వారం రోజులు వచ్చినవాళ్లకల్లా చెప్పుకున్నాడు.

పెళ్లి ఫోటోలోనే కౌంటరమ్మకి ఈయన సంగతి తెలిసింది. చిన్నప్పుడు మెట్ల మీద నుంచి పడ్డప్పటి గాటు ఆవిడ గడ్డం మీద ఇప్పటికీ ఉంది. ఫోటోలో లేదు.

"నా గాటేమైంది?" అంది కొత్త పెళ్లికూతురు.

"ఫోటోలో బాగుండదు."

"మరి నేను బాగున్నానా?"

"ఫోటో బాగుంది" అన్నాడు ఆయన, చాలా జాగ్రత్తగా.

ఆ జవాబుని ఆవిడ మనసులో పెట్టుకుని, జీవితమంతా అవసరమైనప్పుడల్లా పైకి తీసి వాడుకుంది.

అలాంటి మనిషి నడుము మీద ఒకనాడు ఎర్రటి వలయం ఒకటి వచ్చింది. అంచున సన్నగా పొట్టు లేస్తోంది, విపరీతమైన దురద. పక్కనే కౌంటరమ్మ తమ్ముడి మందుల షాపు. వాడికి తెలియని రోగం లేదు, కుదిర్చిన రోగమూ లేదు. కౌంటరు మీద నుంచే ఒంగి చూసి తేల్చేశాడు.

"తామర, బావగారూ. ఈ ట్యూబు రాయండి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"

ట్యూబు రాస్తే రెండు రోజులు ఎరుపు తగ్గినట్టుండి, ఆ తరువాత వలయం పక్కన వలయం, దాని పక్కన ఇంకోటి బయల్దేరాయి. తమ్ముడు ట్యూబు మార్చాడు. తరువాత మందు రంగు మార్చాడు. తరువాత ట్యూబుతో పాటు మాత్రలు కూడా ఇచ్చి, "ఇది మొండి తామర" అన్నాడు. రోగం ముదిరిన కొద్దీ దానికో విశేషణం చేర్చడం తప్ప వాడి వైద్యం ముందుకు పోయింది లేదు. వేసవి పోయి వానలు వచ్చేసరికి మాస్టారి వీపంతా నిండిపోయింది. గుమ్మానికి వీపు ఆనించి రుద్దుకునేవాడు. ఎవరూ చూడనప్పుడు ఫోటో ఫ్రేము మూలతో గోక్కునేవాడు. నిద్రలో మంచమంతా కదిలేది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు" అంది కౌంటరమ్మ, కళ్లు ఎర్రబడి. "ఈ ఇంట్లో కందకి దురద, కత్తిపీటకి జాగారం. ఇక పెద్దాసుపత్రికి పదండి."

పెద్దాసుపత్రి చర్మం డాక్టరుకి పేరు కన్నా పేరు వెనక అక్షరాలు పొడుగు. బయట ఒకదానికొకటి బిగించిన ఇనుప కుర్చీల్లో జనం, గుమ్మం దగ్గర "ఒక్కరే లోపలికి" అనే ఆయా. పెద్ద డాక్టరు ఆ రోజు కుర్చీలోంచి లేవకుండానే, దుకాణంలో బట్ట నాణ్యం చూసినట్టు మాస్టారి చొక్కా అంచు రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. గీకి, పొట్టు పరీక్షకి పంపాడు. అందులో తామర పురుగేమీ లేదని తేలింది. అక్కడి వరకు పని సరిగ్గానే చేశాడు, చెప్పుకోవాలి. అప్పుడే, "ఇది రోజుకో రకంగా మారుతోందంటున్నారు కదా, బాగా ఎక్కువైన రోజుల్లో ఫోటోలు తీసి తీసుకురండి" అన్నాడు.

ఎవరితో అన్నాడు ఆ మాట! చేపతో ఈదమన్నట్టు.

మాస్టారు వెనక గది తలుపు గడియ వేసుకున్నాడు. స్టాండు మీద కెమెరా, తనకు తానే నొక్కుకునే మీట, మేఘాల తెర ముందు తన వీపు. వరసగా కొన్ని రోజులు అలా తీశాడు. కౌంటరమ్మ తలుపు కొడితే, "ఉండవోయ్, లైటింగ్ పోతుంది" అని గసిరాడు. వీపు మండిపోతున్న మనిషికి లైటింగ్ బెంగ. ఆ తరువాత కంప్యూటరు ముందు చాలాసేపు కూర్చుని, పెద్ద సైజులో, మెరిసే కాగితం మీద ప్రింట్లు తీసి, కవరులో పెట్టి అంటించేశాడు.

ఆసుపత్రిలో "ఒక్కరే లోపలికి" కదా, కౌంటరమ్మ ఇనుప కుర్చీలోనే ఉండిపోయింది. లోపలికి వెళ్లిన మనిషి చిటికెలో బయటికొచ్చాడు, ముఖం వెలిగిపోతోంది.

"ఏమన్నాడు?"

"ఫోటోలు చాలా బాగున్నాయన్నాడు. ఏ కెమెరా అని అడిగాడు."

"రోగమండీ, రోగం."

"ఆఁ... అదేం లేదట. చర్మం పొడిబారిందట. వయసొస్తే అంతేనట. ఏదో పూతమందు రాశాడు."

"చొక్కా విప్పమన్నాడా?"

"ఎందుకూ? ఫోటోలున్నాయిగా."

కౌంటరమ్మ ఆ గుమ్మం వైపు, పేరు వెనక ఉన్న అక్షరాల వైపు చూసి, "ముంజేతి కంకణానికి అద్దమెందుకంటారు. ఈ డాక్టరుకి కంకణం అక్కర్లేదు, అద్దం చాలు" అంది. ఆయా విననట్టు పక్కకు తిరిగింది.

పూతమందు రాసింది కౌంటరమ్మే. రోజూ ఆ వీపు ఆవిడ చేతి కిందే ఉండేది. వలయాల మీద వలయాలు, ఒకటి చెరిగిన చోట ఇంకోటి. చూడలేక, చూస్తూ, తిట్టుకుంటూ రాసేది. ఇది పొడిబారడమైతే బావిలో నీళ్లు కూడా పొడిగానే ఉండాలి. మాస్టారు చిక్కిపోయాడు. నడుముకి బెల్టు ఒక రంధ్రం బిగించుకున్నాడు. దగ్గు పాతదే కాబట్టి దాని గొడవ ఎవరూ పట్టించుకోలేదు. తమ్ముడు మాత్రం దగ్గుకో సీసా ఇచ్చాడు. వాడి షాపులో దేనికైనా ఒక సీసా ఉంటుంది. చివరికి ఒకరోజు ఒక పాప ఫోటో తీస్తూ తీస్తూ మాస్టారు కెమెరా పక్కన పెట్టి, తెర వెనక్కి పోయి గోడకి వీపు రుద్దుకుంటూ నిలబడిపోయాడు. పాప తల్లి భయపడి పిల్లనెత్తుకుని వెళ్లిపోయింది. కౌంటరమ్మ షట్టరు దించి, ఆయన చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోయింది.

పెద్ద డాక్టరు ఏదో సభకు వెళ్లాడట. పక్క గదిలో చిన్న డాక్టరమ్మ ఉంది, కొత్తగా చేరిన పిల్ల. కొక్కేలు ఊడిన తెర, ఒక బల్ల, గోడకి ఆనించిన నిచ్చెన. ఆ గదికి ఆయా కాపలా లేదు కాబట్టి కౌంటరమ్మ కూడా లోపలికి దూరింది.

"చొక్కా తీయండి" అంది డాక్టరమ్మ.

మాస్టారు కవరు తీసి బల్ల మీద పెట్టాడు. "పోయినసారి తీసిన ఫోటోలమ్మా. పెద్ద డాక్టరుగారు చూసి మెచ్చుకున్నారు."

"మంచిది. చొక్కా తీయండి."

ఆయన చొక్కా తీశాడు, గుమ్మం వైపు చూసుకుంటూ. డాక్టరమ్మ వెనక్కి వెళ్లి నిలబడింది. తరువాత లైటు దగ్గరికి లాగింది. ఒక వలయం వెంట వేలు పోనిచ్చింది. బల్ల మీది ఫోటో ఒకటి తీసి వీపు పక్కన పట్టుకుంది. ఫోటో చూసింది, వీపు చూసింది, మళ్లీ ఫోటో చూసింది.

"ఈ ఫోటో ఎవరిది?"

"నాదేనమ్మా."

"అంటే, అప్పట్లో ఇంత తక్కువగా ఉండేదా?"

"తక్కువేంటమ్మా!" కౌంటరమ్మ ముందుకొచ్చింది. "అప్పుడూ ఇంతే. ఇటివ్వు." ఫోటో అందుకుంది. మెరిసే కాగితం మీద ఒక వీపు. ఎవరో కుర్రవాడి వీపులా నున్నగా, అక్కడక్కడ లేత గులాబీ రంగు నీడలు. ఆవిడ ఫోటోని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. ఎడమ రెక్క కింద మినపగింజంత పుట్టుమచ్చ ఉండాలి. ముప్ఫై ఏళ్లుగా సబ్బు రుద్దిన వీపది, కళ్లు మూసుకున్నా చెయ్యి అక్కడికే పోతుంది.

"ఏమండీ. పుట్టుమచ్చేదండీ?"

మాస్టారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"మిమ్మల్నే. పుట్టుమచ్చేమైంది?"

"కొంచెం... లైటింగ్ సరిచేశాను."

"లైటింగ్ సరిచేస్తే మచ్చ రాలిపోతుందా?"

"టచింగ్ చేశానే! చెయ్యి ఊరుకోదు, నీకు తెలీదా? అంత అసహ్యంగా ఉన్నదాన్ని ప్రింటు తీసి ఒక పెద్దమనిషి చేతిలో ఎలా పెడతాను? స్టూడియో ముద్ర ఉంది దాని వెనక!"

"డాక్టరు దగ్గరికి రోగం తీసుకెళ్లమంటే పెళ్లి ఫోటో తీసుకెళ్లారా మీరు?" కౌంటరమ్మ గొంతు తెర దాటి బయటి కుర్చీల దాకా పోయింది. "ఇన్నాళ్లూ ఆ డాక్టరుని తిట్టిపోశాను. ఆ మహానుభావుడు కుర్చీలోంచి లేవడు, ఈ మహానుభావుడు లేవాల్సిన అవసరం రానివ్వడు! ఇద్దరూ కలిసి ఫోటోకి వైద్యం చేశారు. ఫోటోకి నయమైంది. వీపు మాత్రం నాకు వదిలారు."

డాక్టరమ్మ నవ్వలేదు. "అసలు ఫోటోలున్నాయా? టచింగ్ చెయ్యనివి?"

అంత సిగ్గులోనూ మాస్టారు తల ఎత్తాడు. "నెగటివ్ పారేసేవాడు ఫోటోగ్రాఫరే కాదమ్మా."

ఆటోలో స్టూడియోకి పోయి, కెమెరాలో పెట్టే చిన్న కార్డు తెచ్చారు. డాక్టరమ్మ వాటిని కంప్యూటరులో ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. తెరనిండా ఆ వీపు, ఉన్నదున్నట్టు. మాస్టారు ముఖం తిప్పుకున్నాడు. తన పనితనంలో అంత చెత్త ఎవరికీ చూపించి ఎరగడు.

"ఇలా చూడండి" అంది డాక్టరమ్మ. "రంపంతో కోసిన చెక్క మీద గీతలుంటాయి చూశారా, ఒకదాని లోపల ఒకటి? అలా ఉన్నాయి ఇవి. ఇప్పుడు మీ పుట్టుమచ్చని చూడండి. మొదటి రోజు ఈ గీత మచ్చకి ఇవతల ఉంది. మర్నాడు మచ్చని ముట్టుకుంది. ఆ మర్నాడు దాటిపోయింది. మచ్చ ఎక్కడికీ పోదు కాబట్టి తెలుస్తోంది, గీతలు నడుస్తున్నాయి. తామర ఇంత వేగంగా నడవదు."

"మరి ఏంటమ్మా ఇది?" అంది కౌంటరమ్మ. ఆవిడ గొంతులో వెటకారం ఎక్కడో జారిపోయింది.

"చాలా అరుదైనది. నేను పుస్తకంలో చూడటమే, మనిషి మీద ఇదే మొదటిసారి. ఇలాంటిది కనిపిస్తే చాలామందిలో జబ్బు లోపల ఉంటుంది, చర్మం బయట చాటింపు వేస్తుంది. ముందు ఊపిరితిత్తులు చూడాలి. ఆ దగ్గు ఎప్పట్నుంచి?"

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దగ్గుని లెక్కలో వేసుకున్నవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

స్కానులో కుడి ఊపిరితిత్తిలో గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్ష చేస్తే అది అనుకున్నదే, క్యాన్సరు. ఇంకా పాకలేదు, తీసేయొచ్చు అన్నారు. ఇంకొన్నాళ్లు ఆ నున్నటి ఫోటోలనే నమ్ముకుని ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు, కౌంటరమ్మ అడగలేదు. ఆపరేషనయ్యాక దురద వారం తిరక్కుండానే ఆగిపోయింది. ఏళ్ల తరబడి పాతుకుపోతాయనుకున్న గీతలు, అద్దె బాకీ పడ్డ మనిషిలా చెప్పాపెట్టకుండా ఖాళీ చేసి పోయాయి. వీపు మీద కాస్త గోధుమ రంగు మిగిలింది, దాని మధ్య పుట్టుమచ్చ.

అప్పుడు వచ్చారు తెలివైనవాళ్లంతా. తమ్ముడు ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నానక్కా, ఇది మామూలు తామర కాదని" అన్నాడు.

"అన్నావు నాన్నా. మొండి తామరన్నావు."

పెద్ద డాక్టరు కూడా వచ్చాడు, ఈసారి కుర్చీలోంచి లేచి, వెనక నలుగురు కుర్ర డాక్టర్లతో. "నాకు అప్పుడే ఏదో అనుమానం తగిలింది" అని వాళ్లకి చెప్పి, సభలో చూపించడానికి ఆ ఫోటోలు కావాలన్నాడు. మాస్టారు దిండు మీద నుంచే, "ఏవి కావాలండీ, తమరు మెచ్చుకున్నవా?" అన్నాడు. ఆపరేషను తరువాత ఆయన అన్న మొదటి పనికొచ్చే మాట అదేనని కౌంటరమ్మ అభిప్రాయం.

ఇంత జరిగాక మనిషి మారాడనుకుంటే పొరపాటు. కుట్లు ఆరగానే మేఘాల తెర ముందుకొచ్చి మళ్లీ రెండో గడ్డాలు తుడవడం మొదలుపెట్టాడు. మారింది ఒక్కటే. "ఆ గీతలు మళ్లీ కనిపిస్తే ఆలస్యం చెయ్యొద్దు" అని చెప్పి చిన్న డాక్టరమ్మ వేరే ఊరి ఆసుపత్రికి వెళ్లిపోయింది. వీపు ఫోటోలు నెలనెలా ఆమెకి ఫోనులో పంపాలి. తీసేది మాస్టారే. పంపేముందు కౌంటరమ్మ కళ్లజోడు పెట్టుకుని తనిఖీ.

"పుట్టుమచ్చ?"

"ఉంది."

"దాని పక్కన మొటిమ ఉండాలే?"

"అదేదో చెమటకాయ. దాంతో రోగానికేం సంబంధం?"

"వెనక్కి పెట్టండి."

గొణుక్కుంటూ పెట్టేవాడు. ఎన్నో ముఖాల నుంచి ఎన్నో తీసేసిన మనిషి, తీసింది తిరిగి పెట్టడం ఆ వయసులో నేర్చుకున్నాడు. దానికి మాత్రం ఎవరూ ఆయన్ని మాస్టారనలేదు.

అలా కొన్నేళ్లు గడిచాయి. ఒక ఉదయం స్నానాల గదిలోంచి నీళ్ల చప్పుడు ఆగిపోయి, చాలాసేపు ఏమీ వినిపించలేదు. కౌంటరమ్మ వెళ్లేసరికి ఆయన తువ్వాలు చుట్టుకుని, అద్దానికి వీపు పెట్టి, మెడ తిప్పి చూసుకుంటున్నాడు. నడుము పైన ఎర్రటి వలయం, దాని లోపల ఇంకోటి. ఆవిడ చూసింది. ఆవిడ చూసిందని ఆయన చూశాడు. ఇద్దరికీ ఇక డాక్టరు చెప్పాల్సిందేమీ లేదు.

ఆయన వెనక గదిలోకి పోయి కెమెరా తెచ్చాడు. స్టాండు తేలేదు. పెళ్లయిన నాటి నుంచీ ఏ కెమెరా మీదా దుమ్ము తుడవడానికి కూడా ఆవిడని దగ్గరికి రానిచ్చినవాడు కాదు. ఇప్పుడు దాన్ని ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"నువ్వు తియ్యి."

"నాకేం తెలుసండీ?"

"అందుకే తియ్యమంటున్నా. నేను తీస్తే..." మాట పూర్తి చెయ్యకుండా కిటికీ వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. "అదిగో, ఆ మీట నొక్కు. ఊపిరి బిగబట్టు. వణక్కు."

"వణికేది నేను కాదు, మీరే."

నొక్కింది. ఇద్దరూ కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీదికి వంగారు. ఫోటో ఒక పక్కకి ఒరిగిపోయింది. తలుపు సగం, దండెం మీద ఆరేసిన లోపలి బనీను, గోడ మీద చెమ్మ మరక, అన్నీ పడ్డాయి. పై మూలలో కౌంటరమ్మ బొటనవేలు, ఎర్రగా, బూరెలా. వాటన్నిటి మధ్య వీపు, వీపు మీద గీతలు, గీతల పక్కన పుట్టుమచ్చ.

మాస్టారు దాన్ని చాలాసేపు చూశాడు. "నా జన్మలో ఇంత దరిద్రపు ఫోటో చూళ్లేదు" అన్నాడు.

"పంపనా?"

"పంపు." ఆవిడ ఫోను అందుకునేలోగా ఆయన చెయ్యి దానంతటదే కెమెరా మీదికి పోయింది. "పోనీ, ఆ బొటనవేలు ఒక్కటీ తుడిచేస్తాను. రోగానికి దాంతో పనిలేదుగా."

"చెయ్యి తియ్యండి."

ఆయన తీశాడు.